బోరు నీళ్లు, మండే ఎండ: అనంతపురం ఇళ్లలో నూలు, పట్టు బట్టలు ఉతికి దాచుకునే పద్ధతి

చీర వెలిసినా, మెరుపు పోయినా మన నోట ముందుగా వచ్చేది సబ్బు పేరే. ఫలానా పౌడరు వాడాను, అందుకే ఇలా అయింది అంటాం. కానీ అనంతపురం, తాడిపత్రి, ధర్మవరం వైపు ఇళ్లలో బట్టను నెమ్మదిగా తినేసేవి రెండు: బోరు నీళ్లు, మిద్దె మీద ఎండ. సబ్బు వాటి తర్వాతే. ఎంత ఖరీదైన లిక్విడ్ కొన్నా ఈ రెండింటి సంగతి తెలియకపోతే డబ్బు దండగ. అందుకే నీళ్లతోనే మొదలుపెడదాం.

ముందు మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోండి

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అందుకే వాటిని మనం ఉప్పు నీళ్లు అంటాం. బకెట్ అంచున తెల్లగా గట్టిపడే పొర, గీజర్ రాడ్‌కు పట్టే పెచ్చు ఇవే. సబ్బు ఈ లవణాలతో కలిస్తే నురగ రాదు, విరిగిపోయి జిగురు తెట్టు కడుతుంది. ఆ తెట్టు పోగుల మధ్య చేరి కూర్చుంటుంది. తెల్ల పంచె నాలుగు నెలలకే బూడిద రంగుకు తిరగడం, తువ్వాలు ఒంటికి గీసుకోవడం, పట్టు మీద మబ్బు కమ్మినట్టు ఉండటం, అన్నీ దాని పనే. జాడించే నీళ్లు కూడా అవే కాబట్టి ఎన్నిసార్లు జాడించినా పోదు.

పరీక్ష చాలా తేలిక. ఖాళీ వాటర్ బాటిల్‌లో సగానికి నీళ్లు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా ఊపండి. నురగ లేచి నిలబడి, కింద నీళ్లు తేటగా ఉంటే మంచి నీళ్లు. నురగ చప్పున పడిపోయి, నీళ్లు పాలలా మారి, పైన తెట్టు తేలితే ఉప్పు నీళ్లు. ఈ పరీక్షకు డిటర్జెంట్ పౌడరు పనికిరాదు. అది ఉప్పు నీళ్లలో కూడా కొంత నురగ ఇస్తుంది.

మరి మంచి నీళ్లు ఎక్కడివి? మున్సిపల్ కొళాయి నీళ్లు, పల్లెల్లో సత్యసాయి తాగునీటి పథకం కింద వచ్చే నీళ్లు చాలా చోట్ల బోరు నీళ్ల కంటే నయం. వాన నీళ్లు అన్నింటికన్నా మేలు, కానీ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే మన చోట వాటి మీద ఆశ పెట్టుకోలేం. ఇంట్లో ఏసీ ఉంటే దాని పైపు నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టండి. గాలిలోని తేమ నీరైందే కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. దుమ్ము ఉంటుంది గనుక పలుచటి గుడ్డలో వడకట్టి వాడుకోవాలి. ఏసీ ఉన్న ఇళ్లలో ఈ నీళ్లను ఊరికే కాలవలోకి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

తాగే నీళ్లు పోసి బట్టలు ఉతకమని నేను చెప్పను. మన సీమలో అది తప్పు. పట్టుకు ఆఖరి జాడింపు ఒక్క బకెట్ మంచి నీళ్లతో చేసినా తేడా కనిపిస్తుంది. మిగతాది బోరు నీళ్లతో కానివ్వండి.

ఇంకో విషయం. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. ఆ నీళ్లు నేరుగా పడితే రంగు చీర గతి అంతే. తెల్లవారుజామున పట్టిన నీళ్లు వాడండి, లేదా ముందురోజు రాత్రే బకెట్లు నింపి నీడలో పెట్టుకోండి.

ఏది నూలు, ఏది పట్టు

పేరుకు పట్టు అని అమ్మే చీరల్లో పాలిస్టర్ ఎంత ఉంటుందో చెప్పలేం. ఉతికే పద్ధతి గుడ్డను బట్టి మారుతుంది కాబట్టి ముందు ఇది తేలాలి. చీర లోపలి కొసన ఒక పోగు లాగి, పళ్లెంలో పెట్టి అంటించండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీస్తే ఆరిపోతుంది, మసి వేళ్ల మధ్య నలిగి పొడవుతుంది. నూలు కాగితంలా మండి మెత్తటి బూడిద మిగులుస్తుంది. పాలిస్టర్ కరిగి ముడుచుకుని గట్టి పూసలా తయారవుతుంది. నిలువు పోగు ఒకటి, అడ్డ పోగు ఒకటి విడివిడిగా కాల్చి చూడాలి. పడుగు పట్టు, పేక నూలు ఉన్న చీరలు చాలా ఉన్నాయి.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చెబుతాను. నూలు చెట్టు నుంచి వచ్చింది, అది సెల్యులోజ్. క్షారాన్ని తట్టుకుంటుంది, తడిస్తే ఇంకా బలపడుతుంది. పట్టు పురుగు నుంచి వచ్చింది, అది ప్రొటీన్. క్షారం తగిలితే దెబ్బతింటుంది, తడిస్తే బలం తగ్గుతుంది. వెనకటి రోజుల్లో రజకులు చవుడు మట్టిలో బట్టలు నానబెట్టి, ఉబ్బ వేసి, అంటే ఆవిరి మీద ఉడికించి, బండకేసి బాదినా నూలు పంచెలు ఏళ్లపాటు ఆగేవి. చవుడు క్షారమే కదా. అదే పని పట్టుకు చేస్తే ఒక్కసారికే చీర నిర్జీవమైపోతుంది. చాకలి సోడా, బట్టల పౌడరు, బ్లీచింగ్ ద్రావణం, ఈ మూడూ పట్టు దరిదాపులకు రాకూడదు. బ్లీచింగ్ ద్రావణం పట్టును పచ్చబరచడమే కాదు, పోగునే కరిగిస్తుంది.

నూలు బట్టలు

కొత్త నూలు చీర, చుడీదార్, ఎమ్మిగనూరు దుప్పటి, ఏదైనా సరే మొదటి రెండు మూడు ఉతుకులు విడిగానే. ఒక బకెట్ చల్లటి నీళ్లలో గుప్పెడు రాళ్ల ఉప్పు పూర్తిగా కరిగించి, బట్ట వేసి, అరగంటకు మించకుండా ఉంచి తీయండి. ఉప్పు వేస్తే రంగు ఇక ఎప్పటికీ పోదని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. రంగు నీళ్లలోకి జారే వేగాన్ని ఉప్పు కొంత తగ్గిస్తుంది, అంతే. బాగా పట్టించిన రంగుకు ఉప్పు అక్కర్లేదు, సరిగా పట్టించని రంగును ఉప్పు కాపాడదు. అయినా మొదటిసారికి ఇది మంచి అలవాటే.

కొత్త నూలు కొంత కుదించుకుపోతుంది. జాకెట్టు, చుడీదార్ గుడ్డను కుట్టించే ముందే ఒకసారి తడిపి ఆరేసి టైలర్‌కు ఇవ్వండి.

రోజువారీ ఉతుకు సంగతి. తెల్లవి, లేతరంగువి, ముదురువి మూడు కుప్పలు చేయండి. ఉప్పు నీళ్లకు బార్ సబ్బు కంటే డిటర్జెంట్ పౌడరు లేదా లిక్విడ్ మంచిది, తెట్టు కట్టదు. తెల్ల పంచెలు, దుప్పట్ల బకెట్‌లో ముందుగా ఒక చెంచా చాకలి సోడా కలిపితే నీళ్లలోని లవణాల బలం తగ్గి పౌడరు తక్కువ పడుతుంది. రంగు చీరలకు సోడా వద్దు. నానబెట్టడం అరగంట చాలు. రాత్రంతా నానబెడితే వదిలిన మురికే మళ్లీ బట్టకు పడుతుంది. చేనేత చీరను మెషిన్‌లో వేయాలంటే మెష్ సంచిలో పెట్టి, జెంటిల్ మోడ్‌లో, స్పిన్ తగ్గించి వేయండి. హుక్కులున్న జాకెట్టుతో కలిపి మాత్రం వేయకండి. ఒక్క హుక్కు చాలు చీరంతా పోగులు లాగేయడానికి.

బూడిద రంగుకు తిరిగిన తెల్ల బట్టలను మళ్లీ వెలిగించాలంటే, నీలిమందు వేసే ముందు ఆ తెట్టును కరిగించాలి. బకెట్ గోరువెచ్చటి నీళ్లలో ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట ఉంచి, బాగా జాడించి, ఆ తర్వాత మామూలుగా ఉతకండి. వెనిగర్, బ్లీచింగ్ ద్రావణం ఒకే బకెట్‌లో ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు వస్తుంది. నీలిమందును ముందు మగ్గు నీళ్లలో కలిపి, గుడ్డలో వడకట్టి బకెట్‌లో పోస్తే చారలు పడవు.

గంజి విషయంలో మనవాళ్లకు చెప్పాల్సింది తక్కువే. అన్నం వార్చిన గంజిని పల్చగా చేసి, వడకట్టి, చల్లారాక వాడతాం. కుక్కర్ల కాలంలో వార్చేవాళ్లు తగ్గారు కాబట్టి, రెండు చెంచాల సగ్గుబియ్యం గంటసేపు నానబెట్టి, లీటరు నీళ్లలో అద్దంలా తేటపడేదాకా ఉడికించి వడకట్టండి. ముదురు రంగు చీరల మీద బియ్యపు గంజి తెల్లటి మచ్చలు వదులుతుంది, సగ్గుబియ్యపు గంజి వదలదు. చీరను తిరగేసి ముంచండి. గంజి పెట్టిన బట్టను నెలల తరబడి బీరువాలో ఉంచకండి. గంజి కోసం వెండి పురుగులు వస్తాయి, మడత దగ్గర పోగు విరుగుతుంది కూడా. దాచాల్సినవి గంజి లేకుండానే దాచండి.

పట్టు చీర: ఇంట్లో ఉతకాలా, వద్దా

అన్ని పట్టు చీరలూ ఇంట్లో ఉతికేవి కావు. పెద్ద జరీ అంచు, బరువైన కొంగు ఉన్న పెళ్లి చీర, ఎంబ్రాయిడరీ, మగ్గం వర్క్ జాకెట్టు డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి. సన్నంచు చీరలు, జరీ తక్కువ ఉన్నవి, సాదా పట్టు జాకెట్లు, పిల్లల పావడాలు ఇంట్లో ఉతుక్కోవచ్చు. అసలు కట్టిన ప్రతిసారీ ఉతకాలని లేదు. ఒక పూట వ్రతానికి కట్టిన చీరను నీడలో, ఫ్యాను గాలికి రెండు మూడు గంటలు ఆరవేస్తే చాలు.

ధర్మవరం చీరల అందమే ఒంటికి ఒక రంగు, అంచుకు పూర్తిగా వేరే రంగు. తడిపేటప్పుడు మన భయమూ అక్కడే. అంచులోని ఎరుపు క్రీమ్ రంగు ఒంట్లోకి దిగితే వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం. అందుకే ముందు పరీక్ష చేయాలి. తెల్లటి నూలు గుడ్డను తడిపి, ఒంటి మీద ఒకచోట, అంచు మీద ఒకచోట, కొంగు మీద ఒకచోట, లోపలి వైపున, నిమిషం పాటు అదిమి పెట్టండి. ఏ ఒక్కచోట గుడ్డకు రంగు అంటినా ఆ చీరను నీళ్లలో పెట్టకండి.

తర్వాత చూడాల్సింది ఫాల్. చాలామంది దీన్ని మరిచిపోతారు. ఫాల్ నూలుది, చీర పట్టుది. కుట్టేముందు ఫాల్‌ను తడిపి ఉండకపోతే మొదటి ఉతుకులోనే అది కుదించుకుని, చీర అంచును లోపలికి లాగేస్తుంది. కుచ్చిళ్ల దగ్గర అంచు ముడతలు పడి వంకర తిరుగుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా సర్దుకోదు. కొత్త ఫాల్ అయితే రాత్రి నీళ్లలో వేసి, పొద్దున ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కుట్టించండి. పాత చీరకు తడపని ఫాల్ ఉంటే ఉతికే ముందు విప్పేయడమే మంచిది.

ఉతకడానికి కుంకుడుకాయలు నాకు నచ్చిన మార్గం. పాత పద్ధతి అని కాదు. కుంకుడు రసానికి సబ్బులా క్షారగుణం లేదు, ఉప్పు నీళ్లలో తెట్టు కట్టదు. మన నీళ్లకు, పట్టుకు రెండింటికీ సరిపోతుంది. ఒక చీరకు పది, పన్నెండు కాయలు గింజలు తీసి రాత్రి నానబెట్టండి. పొద్దున పిసికి పలుచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. చిన్న పిప్పి మిగిలినా జరీకి చిక్కుకుంటుంది. ఈ రసానికి కొంచెం గోధుమ రంగు ఉంటుంది కనుక తెలుపు, క్రీమ్ పట్టుకు వద్దు. వాటికి పట్టు, ఉన్ని బట్టలకని అమ్మే లిక్విడ్ ఒక మూత, అది కూడా లేకపోతే బేబీ షాంపూ ఒక చెంచా వాడండి.

వెడల్పాటి టబ్బులో చల్లటి నీళ్లు పోసి, రసం కలిపి, చేత్తో నురగ లేపాక చీర వేయండి. చీర మీద రసం నేరుగా పోయకూడదు. చేతులకు ఉంగరాలు, గాజులు ఉంటే తీసేయండి. రెండు అరచేతులతో నీళ్లలో అదుముతూ, వదులుతూ మూడు నాలుగు నిమిషాలు, అంతకు మించి వద్దు. నానబెట్టడం, రుద్దడం, బ్రష్ కొట్టడం అసలు వద్దు. తడి పట్టును రుద్దితే పైపోగు లేచి తెల్లగా నూగు పట్టిన గీతలు పడతాయి, అవి మళ్లీ పోవు. తీసేటప్పుడు ఒక కొస పట్టుకుని లాగకండి. నీళ్లు పీల్చిన చీర బరువంతా ఆ ఒక్కచోట పడుతుంది. రెండు చేతులా కింద నుంచి మొత్తంగా ఎత్తండి.

రెండుసార్లు జాడించి, మూడోసారి దాచిన మంచి నీళ్లలో జాడించండి. జరీ లేని సాదా పట్టు అయితే ఆ ఆఖరి బకెట్‌లో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలపండి. మిగిలిన క్షారం పోయి మెరుపు తిరిగొస్తుంది. జరీ ఉంటే వెనిగర్ మానేయండి.

పిండకూడదు. పెద్ద టవల్ పరిచి, దాని మీద చీరను మడతలుగా వేసి, రెండూ కలిపి చుట్టి అదిమితే నీళ్లన్నీ టవల్ పీల్చుకుంటుంది.

ఆరబెట్టడం

నూలు తెల్లవి ఎండలో వేయండి, మేలే. రంగు నూలు తిరగేసి పొద్దున్నే వేసి, పది గంటలలోపు తీసేయండి. పట్టుకు మాత్రం మన ఎండ శత్రువు. రంగు వెలవడం ఒక్కటే కాదు, పోగు పసుపుబారి పెళుసవుతుంది. గదిలో, ఫ్యాను కింద, ప్లాస్టిక్ దండెం మీద వెడల్పుగా వేయండి. ఇనుప తీగ తుప్పు మరక పడితే వదలదు. మన పొడిగాలికి రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది.

ఆషాఢం గాలిలో మిద్దె మీద ఏదీ వేయకపోవడం ఉత్తమం. ఆ గాలికి ఎర్రమన్ను లేచి తడి బట్టకు అంటుకుంటుంది. అంటితే తడిమీద తుడవకండి, ఆరాక దులపండి.

మరకలు

పెళ్లి భోజనాల్లో ఓళిగ (బొబ్బట్టు) మీది నెయ్యి, చెనక్కాయ నూనె, కూర మరక పడగానే నీళ్లు చల్లి రుద్దడం అందరూ చేసేదే. దాంతో మరక వెడల్పవుతుంది. ముద్ద ఉంటే చెంచా అంచుతో పైకి ఎత్తేయండి. టిష్యూ అద్ది, దాని మీద టాల్కమ్ పౌడరు మందంగా చల్లి, రాత్రంతా వదిలేసి పొద్దున మెత్తటి బ్రష్‌తో దులపండి. పౌడరు నూనెను పీల్చుకుంటుంది. ఇంకా ఉంటే మళ్లీ చల్లండి. నూలుకైతే ఆ తర్వాత అంట్లు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి ఉతికితే సరి.

పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. చూసి కంగారు పడతాం. పసుపులోని కుర్కుమిన్ క్షారంలో రంగు మారుతుంది, అంతే. తెల్ల నూలును ఉతికి ఎండలో వేస్తే రెండు మూడు ఎండలకు ఆ మరక పోతుంది, కుర్కుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది కాబట్టి. పట్టు మీద ఈ ఎండ వైద్యం చేయకండి, డ్రైక్లీనర్‌కు ఇవ్వండి. కుంకుమ పడితే తడి తగలనివ్వకుండా ముందు ఊది, దులపాలి. దుకాణాల్లో అమ్మే కుంకుమలో కృత్రిమ రంగులుండవచ్చు, తడిస్తే అద్దకం వేసినట్టే. రక్తానికి చల్లటి నీళ్లే వాడాలి. వేడి నీళ్లు పోస్తే మరక గట్టిపడుతుంది.

చెమట కూడా మరకే, అప్పటికి కనిపించదు కానీ. పట్టు జాకెట్టు చంకల దగ్గర ముందుగా చిరగడానికి కారణం అదే. విప్పగానే లోపలి వైపు తడి గుడ్డతో అద్ది గాలికి ఆరేయండి. సెంటు జరీ మీద కొట్టకండి, చీర కట్టకముందే కొట్టుకోండి.

ఇస్త్రీ

ఇస్త్రీ పెట్టె మీద చుక్కలుంటాయి. ఒక చుక్క సుమారు 110 డిగ్రీలు, రెండు 150, మూడు 200. నూలుకు మూడు చుక్కలు, కొంచెం తడిగా ఉన్నప్పుడే. పట్టుకు రెండు చుక్కలు దాటకూడదు. తిరగేసి, మీద పలుచటి నూలు గుడ్డ పరిచి చేయాలి. పట్టు మీద నీళ్లు చిలకరిస్తే నీటి మచ్చలు పడతాయి. ఇప్పుడు చాలా చీరల్లో జరీ పాలిస్టర్ పొర మీద చేసింది ఉంటోంది, వేడి ఎక్కువైతే ముడుచుకుంటుంది. బండి మీద బొగ్గుల పెట్టెతో చేసే అన్నకు ఇస్తే, ఇది పట్టు, గుడ్డ వేసి చేయన్నా అని నోటితో చెప్పి ఇవ్వండి.

బీరువాలో

మరకతో దాచకూడదు. పట్టును కొరికే పురుగులు మెతుకు, నూనె, చెమట ఉన్నచోటే మొదలుపెడతాయి. పాత మల్లు పంచెను గంజి, నీలిమందు లేకుండా ఉతికి, ముక్కలు చేసి, ఒక్కో చీరను ఒక్కో ముక్కలో చుట్టండి. కొట్లో ఇచ్చిన ప్లాస్టిక్ కవరులోనే ఏళ్లపాటు ఉంచేస్తారు చాలామంది. లోపలి తేమ బయటకు పోక బూజు వస్తుంది. వార్తాపత్రికల్లో చుట్టడం కూడా వద్దు. అసలైన జరీలో వెండి ఉంటుంది, గాలిలోని గంధకపు వాయువులతో అది నల్లబడుతుంది. గుడ్డ చుట్టు కొంత కాపాడుతుంది. మడత పెట్టేటప్పుడు జరీ లోపలికి పోయేలా పెట్టండి.

కలరా ఉండలు వేస్తే చిన్న సంచిలో కట్టి మూలన పెట్టాలి, చీరకు తగలకూడదు. ఎండిన వేపాకు కూడా సంచిలోనే.

మూడు నెలలకోసారి అన్నీ తీసి, గదిలో గంటసేపు గాలి తగలనిచ్చి, మడత మార్చి పెట్టండి. ఒకే గీత మీద ఏళ్లు మడిచి ఉంచితే సరిగ్గా అక్కడే చీలుతుంది. శ్రావణానికి ముందు ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరు వానలు వెలిశాక ఒకసారి తప్పనిసరిగా చూడండి. మన ఊళ్లలో బూజు భయం ఆ వానల నెలల్లోనే ఎక్కువ. హ్యాంగర్‌కు బరువు చీరలు వేలాడదీయకండి, అంచు బరువుకు ఒళ్లు సాగుతుంది.

డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేటప్పుడు మరక ఎక్కడుందో చూపించి, దేని మరకో, ఎప్పుడు పడిందో, దాని మీద ఇంట్లో ఏం వేశారో చెప్పండి. ఏ ద్రావణం వాడాలో వాళ్లు దాన్ని బట్టే నిర్ణయిస్తారు. ముందే ఉన్న చిరుగులు, వదులైన పోగులు బిల్లు మీద రాయించుకోండి. ఇంటికి తెచ్చాక ఆ ప్లాస్టిక్ కవరు వెంటనే తీసేసి, మందు వాసన పూర్తిగా పోయేదాకా కిటికీ దగ్గర నీడలో ఆరేసి, అప్పుడు మల్లు గుడ్డలో చుట్టి పెట్టండి.